ముక్కు లేని చిలక

ఆ రోజుల్లో కంప్యూటర్ తెర మీద ఒక ఫోటో దిగడం చూడాలంటే పూటకు సరిపడా ఓపిక ఉండాలి. ముందు నుదురు వచ్చేది. ఇంకాసేపటికి కనుబొమలు వచ్చేవి. కళ్ళ దాకా వచ్చి ఆగిపోయేది. ఆగిందో, నడుస్తోందో కూడా తెలిసేది కాదు. మౌస్‌ను అటూ ఇటూ కదిపి, తెరను అరచేత్తో తట్టి, చివరికి నెట్ సెంటర్ యజమాని వైపు చూసేవాళ్ళం. మేమంతా నెట్ భాయ్ అని పిలిచే ఆ మనిషి తల కూడా ఎత్తకుండా "లైన్ కట్ అయ్యింది, మళ్ళ పెట్టు" అనేవాడు. మళ్ళీ నుదురు నుంచి మొదలు. ఆ విధంగా మా పాతబస్తీ శాలిబండలో ఎంతమంది కొత్త అల్లుళ్ళను, ఎంతమంది గల్ఫ్‌లో పుట్టిన మనవళ్ళను కళ్ళ దాకా మాత్రమే చూసి సంతృప్తిపడి ఇళ్ళకు పోయారో లెక్క లేదు. నేను ఇప్పుడు జీతం తీసుకుంటున్నది కూడా ఈ బొమ్మల రవాణాలోనే (వీడియో కాల్‌లో మీ అత్తగారి మొహం ముక్కలు ముక్కలైనప్పుడు మీరు తిట్టుకునేది నాలాంటి వాళ్ళనే). ఆ రోజులు తలచుకుంటే అందరికీ ముచ్చటేస్తుందట. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అందులో సగం మంట ఆ టెలిఫోన్ తీగ మీద, మిగతా సగం నా మీద నాకే.

అప్పుడు నేను ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. మా బాపు నీళ్ళ శాఖలో ఫిట్టరు. శాలిబండలో ఒక గల్లీలో మేడ మీద రెండు గదుల్లో మేము అద్దెకుండేవాళ్ళం. కింద ఇంటివాళ్ళది మగ్గం కార్ఖానా. ఇంటాయన నలభై ఏళ్ళుగా పెళ్ళి బట్టల మీద జరీ పని చేయించే ఉస్తాదు, నాకు మాత్రం చాచా. నాకు చదువు మీద ఉన్న శ్రద్ధ కంటే, నాకు చాలా తెలుసు అన్న నమ్మకం ఎక్కువగా ఉండేది. దానికి తగ్గట్టే మా సారు ఒక ప్రాజెక్టు కూడా ఇచ్చారు: నెట్టులో వచ్చేటప్పుడు దారిలో కొంత పోయినా ఫోటో మొత్తం పాడవకుండా చూడటం.

సంగతి వినడానికి పెద్దదిగా ఉన్నా నిజానికి చిన్నదే. ఫోటో ఉన్నదున్నట్టు పంపితే తీగలో పట్టదు, కాబట్టి కుదించి పంపుతారు. కుదించినప్పుడు ప్రతి ముక్కలోనూ "నేను నా ముందుదాని కంటే కొంచెం నలుపు", "నేను అచ్చం నా ముందుదాని లాగే" అని మాత్రమే రాసి ఉంటుంది. మధ్యలో ఒక్కటి పోయిందంటే ఆ వెనకవన్నీ దేనికంటే నలుపో, దేనిలాగో తెలియక బిక్కమొహం వేస్తాయి. అందుకే కళ్ళ కింద అంతా బూడిద రంగు. నేనేం చేశానంటే, ఫోటోను చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఏ గడికి ఆ గడి సొంతంగా నిలబడేటట్టు కుదించి, పక్కపక్క గళ్ళను వేరు వేరు మూటల్లో కట్టి పంపించాను. ఒక మూట దారిలో పోయినా ఒకేచోట పెద్ద బొక్క పడదు, అక్కడొక గడి, ఇక్కడొక గడి పోతుంది. ఇంతవరకు బుద్ధిగానే ఉంది. ఇక్కడ ఆగి ఉంటే ఈ కథ రాయాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆగలేదు. పోయిన గడిని ఖాళీగా వదలకుండా, చుట్టుపక్కల గళ్ళను చూసి అక్కడ ఏమి ఉండవచ్చో ప్రోగ్రామే ఊహించి నింపేసే ఏర్పాటు చేశాను. అతుకు కనబడకుండా నింపుతుంది. అదే నా గొప్ప.

మొదటి పరీక్ష మా బాపు ఫోటో మీదే చేశాను. పెద్దగా ప్రింట్ తీసి చూపిస్తే ఆయన కళ్ళజోడు సవరించుకొని చాలాసేపు చూశాడు.

"నా మీసం ఏమాయె బిడ్డా?"

"కొంచెం దార్ల పోయింది బాపూ. పక్కన బుగ్గను చూసి నింపింది."

"పోతే పోయిందని చెప్పాలె గని, బుగ్గ తెచ్చి మూతికి అతుకు పెడ్తరా? మీ అమ్మ చూస్తే ఎవనిదనుకుంటది?"

ఆయనకు కంప్యూటర్ గురించి ఏమి తెలుసులే అని ప్రింట్ లాక్కొని వచ్చేశాను. (పైపులో నీళ్ళు ఎక్కడ పోతున్నాయో పోయిన చోటే గుర్తు పెట్టడం ఆయన రోజూ చేసే పని అని నాకు అప్పుడు తట్టలేదు.)

చాచాకు ఇద్దరు కూతుళ్ళు. పెద్దామె బడీ ఆపా పెళ్ళయి షార్జాలో ఉండేది. చిన్నామె నాకంటే మూడేళ్ళు పెద్ద, నేను ఆపా అని పిలిచేదాన్ని, ఇద్దరం ఒకే మంచం మీద కూర్చొని మామిడికాయ ముక్కలు తింటూ పెరిగాం. వాళ్ళమ్మ చాచీ పోయి అప్పటికి ఆరేళ్ళు. కార్ఖానాలో సూది చాచా చేతిదే అయినా గీత చాచీ చేతిది. తీగలు, పూలు, పిట్టలు అన్నీ ఆమె కాగితం మీద గీసేది, గీత వెంబడి సూదితో చిన్న చిన్న బెజ్జాలు పొడిచేవారు. దాన్ని బట్ట మీద పరిచి, సుద్దపొడి కిరోసిన్‌లో కలిపి రుద్దితే బెజ్జాల్లోంచి గీత బట్ట మీదికి దిగుతుంది. ఆ బెజ్జాల కాగితాన్ని ఖాకా అంటారు. కార్ఖానాలో చాచా పెట్టిన రూలు ఒక్కటే: ఖాకా మీద ఉన్న గీత వదలకూడదు, లేని గీత వేయకూడదు.

ఆపాకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు వేసుకునే ఖడా దుపట్టా ఉంటుంది చూడండి, ఒంటి చుట్టూ తిప్పి కట్టే ఆరు గజాల దుపట్టా, దాని కొంగు మీద తనకు అమ్మీ గీసిన బొమ్మే కావాలని ఆపా పట్టుబట్టింది. ఏ బొమ్మో కాదు, చాచీ తన సొంత పెళ్ళికి తాను గీసుకున్నది. దాని ఖాకా వానకు తడిసి ఎప్పుడో ముద్దయిపోయింది. చాచీ దుపట్టా మాత్రం బడీ ఆపా దగ్గర షార్జాలో భద్రంగా ఉంది. ఆమెకు సెలవు దొరికేది పెళ్ళికి నాలుగు రోజుల ముందే. జరీ పనికి కనీసం మూడు వారాలు పడుతుంది. దుపట్టాను పార్సిల్‌లో పంపమంటే "అమ్మీ నిషానీ పోస్టుల ఎయ్యాల్నా?" అని బడీ ఆపా ఫోన్‌లోనే ఏడ్చింది. మిగిలిన దారి ఒక్కటే, ఫోటో.

"నాకు నగలు లేకున్నా నడుస్తది. గా కొంగు ఉంటే అమ్మీ నా పెళ్ళికి వచ్చినట్టే" అంది ఆపా నాతో. ఆ మాట అనేటప్పుడు ఆమె నా వైపు చూడలేదు, మామిడికాయ వైపు చూసింది.

బడీ ఆపా భర్త తన ఆఫీసు నుంచి ఫోటోను మెయిల్‌లో పంపాడు. నెట్ భాయ్ సెంటర్‌లో ఐదు రోజులు వరుసగా కూర్చున్నాం. మొదటి రోజు కొంగు అంచు వచ్చి ఆగింది. రెండో రోజు సగం పువ్వు వచ్చింది. మూడో రోజు చిలకలు వచ్చేలా ఉన్నాయి, అంతలో లోపలి గదిలోంచి నెట్ భాయ్ వాళ్ళ అమ్మ ఎవరికో ఫోన్ చేద్దామని రిసీవర్ ఎత్తింది. అంతే, పోయింది. నాలుగో రోజు కరెంటు లేదు. ఐదో రోజు అన్నీ ఉన్నాయి, ఫోటో మాత్రం కిందికి రానంది. ఆపా బుర్ఖా సర్దుకొని లేచింది. నేను ఆమె చెయ్యి పట్టుకొని "నా కాడ ఒక ప్రోగ్రాం ఉంది ఆపా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాను. ఆ మాట అంటున్నప్పుడు నా గొంతులో వినిపించిన దర్జా తలచుకుంటే ఇప్పుడు చెవులు మూసుకోవాలనిపిస్తుంది.

ప్రోగ్రాం చిన్నదే కాబట్టి మెయిల్‌లో షార్జాకు చేరింది. బడీ ఆపా భర్త అటు నుంచి పంపాడు, నేను ఇటు పట్టాను. చాచా స్వయంగా సెంటర్‌కు వచ్చి నా వెనక నిలబడ్డాడు. లైన్ రెండుసార్లు తడబడింది, అయినా ఫోటో ఆగలేదు. గళ్ళు అక్కడొకటి ఇక్కడొకటి పడుతూ పడుతూ, పావుగంటలో కొంగు మొత్తం తెర మీద పరుచుకుంది. నెట్ భాయ్ తన జీవితంలో మొదటిసారి కుర్చీలోంచి లేచి వచ్చి చూశాడు. తెర అడుగున చిన్న అక్షరాల్లో ప్రోగ్రాం ఒక మాట రాసింది: ముప్ఫై ఏడు గళ్ళు రాలేదు, నింపబడ్డాయి. నేను ఆ వరస మీద అరచెయ్యి ఆనించాను. తెర మీద దుమ్ము తుడుస్తున్నట్టు.

"బేటీ, పూరా వచ్చిందా?" అని అడిగాడు చాచా.

"పూరా వచ్చింది చాచా."

ఆయన జేబురుమాలు తీసి కళ్ళకు అద్దుకున్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి దువా చేశాడు. (ఆ చెయ్యి బరువు నాకింకా గుర్తుంది. అప్పుడు దాని బరువు తెలియలేదు, అది వేరే సంగతి.)

ఆ తర్వాత నాకు పరీక్షలు. నాలుగైదు రోజులు కిందికి దిగలేదు. ఈలోగా చాచా ఫోటోను ముక్కలు ముక్కలుగా పెద్దది చేయించి, ఒకదానికొకటి అతికించి, పైన పల్చటి కాగితం వేసి గీసి, బెజ్జాలు పొడిచి, ఎర్రటి దుపట్టా మీద సుద్ద రుద్ది, ముగ్గురు కారీగర్లను మగ్గం చుట్టూ కూర్చోబెట్టాడు. అందరికంటే పెద్ద కారీగరుకు మొదటి రోజే అనుమానం వచ్చిందట. "ఉస్తాద్, గీ తీగ ఏంది, మెట్లు మెట్లుగ దిగుతున్నది?" అన్నాడట. చాచా అతణ్ణి అక్కడికక్కడే కడిగేశాడు: "పోయినామె చేతి గీత అది. ఆమెకు తీగ నేర్పేటోనివా నువ్వు?" ఇంకెవరి బొమ్మయినా అయితే తీగ వంకర సరిచేసి ఉండేవాళ్ళు. చాచీది కాబట్టి వంకరను కూడా కొలిచి కుట్టారు.

పరీక్షలయ్యాక ఆపా నన్ను లాక్కుపోయి చూపించింది. నేను చూసిన మొదటి వస్తువు చిలక. జరీతో ధగధగ మెరుస్తోంది, మెడ ఉంది, కన్ను ఉంది, ముక్కు లేదు. ముక్కు ఉండాల్సిన చోట ఇంకొంచెం మెడ ఉంది. తీగ చూశాను, నా గళ్ళ కొలత ప్రకారం మెట్లు దిగుతోంది. ఒక మూల రెండు ఆకులు అచ్చుగుద్దినట్టు ఒకేలా పక్కపక్కన ఉన్నాయి. చాచీ ఒక ఆకును రెండోసారి అలాగే గీయడం ఎవరూ చూడలేదు. ఆ రెండో ఆకును గీసింది ఎవరో నాకు తెలుసు.

"చూసినవా బేటీ" అన్నాడు చాచా నా పక్కకు వచ్చి, గొంతు తగ్గించి. "ఇన్ని రోజులు నాకు సమజ్ కాలే. గా రెండు ఆకులు ఎందుకు ఒక్క తీరుగ ఉన్నయో ఎరుకేనా? ఇద్దరు బిడ్డలు. పెళ్ళినాడే గీసుకున్నది, నాకు ఇద్దరు బిడ్డలు పుడ్తరని. చిలక చూడు, ముక్కు దాచుకున్నది. దుల్హన్‌కు షరమ్ గద. గా మెట్లు మన ఇంటి మెట్లు."

నేను నోరు తెరిచాను. అంతలో చాయ్ వచ్చింది. చాయ్ తాగి మళ్ళీ తెరిచాను, గల్లీలో ఆడవాళ్ళు నలుగురు వచ్చారు, చాచా వాళ్ళకు మొదటి నుంచి మళ్ళీ చెప్పాడు, ముక్కు దగ్గరికి వచ్చేసరికి నలుగురూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మర్నాడు పొద్దున గట్టిగా నిశ్చయం చేసుకొని వెళ్ళి, "చాచా, నెట్టుల వచ్చేటప్పుడు కొన్ని పోతయి" అన్నాను. ఆయన నిట్టూర్చి, "పోతయి బేటీ, అన్నీ పోతయి, ఎవ్వరు ఉంటరు ఈడ" అని మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు. మనిషి ఎంత మంచివాడైతే వాడికి ఒక మాట చెప్పడం అంత కష్టమని నాకు ఆ వారమే తెలిసింది. ఆయన మంచితనం మీద నాకు పీకల దాకా విసుగొచ్చింది. ఇక్కడ రోజుకు జానెడు చొప్పున తప్పు జరీ ఎక్కుతోంది. అక్కడ నెట్ భాయ్ తలుపు మీద "ఫోటో పూరా వస్తది, గ్యారంటీ" అని కాగితం అంటించాడు.

చివరికి ఐఎస్‌డి బూత్‌కు పోయి బడీ ఆపాకు ఫోన్ చేశాను. అద్దాల డబ్బా బయట ఆరుగురు వరుసలో ఉన్నారు, లైన్‌లో గరగర.

"బడీ ఆపా, దుపట్టా ముందట పెట్టుకో. ఎడమ దిక్కు చిలకకు ముక్కు ఉందా?"

"ఏమన్నవ్?"

"ముక్కు. చిలకకు ముక్కు ఉందా?"

"ముక్కు లేని చిలక ఎక్కడన్న ఉంటదానే? నీకు పానం మంచిగున్నదా?"

బయట ఆరుగురూ మాటలాపి నా వైపు తిరిగారు. నేను గోడకు తిరిగి, తీగ మెట్లు దిగుతుందా, వంపు తిరుగుతుందా అని అడిగాను. వంపే. పువ్వు పక్కన రెండు ఆకులు ఉన్నాయా అని అడిగాను. ఆమె మీది నుంచి లెక్కబెట్టనా కింది నుంచి లెక్కబెట్టనా అంది. కింది నుంచి అన్నాను. ఏ చిలకకు కింద అంది. ఇలా కాసేపు నడిచాక ఆమెకు చోటు దొరికింది.

"గాడ ఏం లేదే. ఆకు లేదు, పువ్వు లేదు. సాదా బట్టనే ఉన్నది."

ఇద్దరు బిడ్డలు కాదు. ఒక ఆకూ కాదు. ఉత్త బట్ట. ప్రోగ్రాం పక్క గడిలోని ఆకు కొనను తెచ్చి, రెండుసార్లు అతికి, రెండు ఆకులు చేసింది.

ముందు ఆపాకు చెప్పాను. ఆమె అరుస్తుందనుకున్నాను, అరవలేదు. "అంటే నా కొంగు మీద అమ్మీ గీసింది ఎంత, నీ కంప్యూటర్ గీసింది ఎంత?" అంది. ముప్ఫై ఏడు గళ్ళు అన్నాను. "నీకు అప్పుడే ఎరుక ఉండెనా?" ఉండె అన్నాను. "అబ్బాకు నువ్వే చెప్పు. నేను చెప్ప" అని మొహం తిప్పుకుంది. అప్పటి దాకా మా ఇద్దరి మధ్య తగాదా మామిడికాయ ముక్క పెద్దదెవరిదన్న దాని దగ్గరే ఆగేది. అందుకని ఈసారి ఏం చెయ్యాలో ఇద్దరికీ తెలియలేదు.

మర్నాడు నేను నింపుడు పని ఆపేసి, పోయిన గళ్ళన్నీ నల్లగా ఉండేటట్టు ఫోటోను మళ్ళీ ప్రింట్ తీసి, కార్ఖానాకు పోయి మగ్గం మీద పెట్టాను. కారీగర్లు సూదులు ఆపారు. నేను మొత్తం చెప్పాను, ఎక్కడా ఆగకుండా, ఎవరూ చాయ్ తేకముందే. చాచా నల్లగళ్ళను వేలితో ఒక్కొక్కటే తాకుతూ పోయాడు. చిలక దగ్గర ఆగాడు. రెండు ఆకుల దగ్గర చాలాసేపు ఆగాడు.

"గీ కాగితం మొదలే ఉండెనా నీ కాడ?"

"తీసుకోవచ్చుండె చాచా. నేనే తియ్యలే."

"గిదే ఇయ్యకపోయినవ్" అన్నాడు. కోపంగా అనలేదు, అలిసిపోయినట్టు అన్నాడు. "మా కాడ ఖాకా చిరుగుతది, ఎలుక కొడ్తది. చిరిగిన జాగల ఎవ్వడు సొంతంగ గీయడు. ఎర్రదారం ముడి ఏసి ఇడిసిపెడ్తం. ముడి ఉన్నదంటే ఈడ అడగాలె అని. ముడి ఏస్తే షరమ్ లేదు బేటీ. నువ్వు పూరా అన్నవు, నేను పూరా అనుకున్న."

నేను ఏడవకూడదని చాలా ప్రయత్నించాను. పెద్ద కారీగరు మాత్రం తన మెట్ల తీగ సంగతి అందరికీ ఒకసారి గుర్తు చేసి, తల పంకించి, ఎదురుగా ఉన్న తమలపాకుల పాందాన్ దగ్గరికి జరుపుకొని కూర్చున్నాడు. అతనికి ఆ వారంలో అదే మంచి రోజు.

తప్పు కుట్టింది విప్పే పని నాదే అయ్యింది. చాచా శిక్ష అనలేదు, "నువ్వే ఇప్పు, నీకే ఎరుక ఏది ఏడుందో" అన్నాడు. అడుగు వైపు నుంచి దారం కత్తిరించి, పై నుంచి జరీని సూదికొనతో ఎత్తాలి. గట్టిగా లాగితే బట్ట చీరుకుంటుంది, మెల్లగా లాగితే రాదు. మూడు పగళ్ళు చిలక మెడ మీద వంగి కూర్చున్నాను. ప్రోగ్రాం క్షణంలో నింపిన గడిని చేత్తో ఖాళీ చేయడానికి గంట పడుతుందని ఏ పుస్తకంలోనూ రాయలేదు. వేళ్ళ కొనలు చిల్లులు పడ్డాయి. విప్పిన ప్రతిచోటా, ఇంకా కుట్టని నల్లగళ్ళ చోటా చాచా ఒక ఎర్రదారం ముడి వేస్తూ వచ్చాడు; ఫోటో మళ్ళీ తెప్పిస్తానంటే వద్దని, బడీ ఆపా అసలుది తెచ్చాకే ఆ ముడులు తెంపుదామన్నాడు. ఆపా రెండో రోజు మధ్యాహ్నం వచ్చి నా పక్కన కూర్చుంది. కత్తెర అందించింది. దాంతో మా తగాదా అయిపోయిందని నాకర్థమైంది.

మిగతా పని సాగింది. పెళ్ళికి నాలుగు రోజులుందనగా బడీ ఆపా దిగింది. దిగుతూనే బుర్ఖా కూడా తీయకుండా పెట్టె తెరిచి చాచీ దుపట్టాను మగ్గం పక్కన పరిచింది. వాళ్ళమ్మ దగ్గర గీత, చాచా దగ్గర సూది నేర్చుకున్నది ఆమే. ఒక్కో ముడి దగ్గర అసలుది చూడటం, ముడి తెంపడం, కుట్టడం. చిలకకు ముక్కు వచ్చింది (నిజం చెప్పాలంటే చాచా చెప్పిన సిగ్గు దుల్హన్ కంటే ఈ ముక్కున్న చిలక కొంచెం గయ్యాళిగా ఉంది). తీగ వంపు తిరిగింది. పెళ్ళి ముందు రోజు సాయంత్రం వెలుగుండగానే ముప్ఫై ఆరు ముడులు పోయాయి. చివరిది ఆకుల చోటు. అక్కడ అసలు దుపట్టాలో ఏమీ లేదు కాబట్టి చేయడానికేమీ లేదు. బడీ ఆపా ముడి తెంపేసి, చేతులు దులుపుకొని లేచింది.

చాచా ఆ ఖాళీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చోటును ఆయన వారం రోజుల పాటు గల్లీ అంతటికీ చూపించాడు, కథ చెప్పాడు, ఏడ్చాడు. ఇప్పుడు అక్కడ నా సూది పోటు గుర్తులు తప్ప ఏమీ లేవు. నాకు అక్కడి నుంచి పారిపోవాలనిపించింది. ఆయన సూది తీసుకున్నాడు. జరీ ఎక్కించాడు. ఖాకా వైపు చూడకుండా, సుద్ద గీత లేకుండా, ఆ ఉత్త బట్ట మీద ఒక ఆకు మొదలుపెట్టాడు. కారీగర్లు ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళ ఉస్తాదు ఖాకాలో లేని గీత కుట్టడం వాళ్ళెప్పుడూ చూడలేదు.

"అబ్బా, అమ్మీ దాంట్ల గవి లేవు" అంది బడీ ఆపా.

"ఎరుకే" అన్నాడు చాచా. "ఆమెయి కావు. నాయి."

రెండో ఆకు పూర్తయ్యేసరికి పొద్దుగూకి మగ్రిబ్ అజాన్ వినిపించింది. గీత ఆయనకు చేతకాదు, సూది ఒక్కటే వచ్చు. ఆకులు రెండూ కొంచెం వంకరగా వచ్చాయి, ఒకదాని కంటే ఒకటి పెద్దది. ఆపా వాటి మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

పెళ్ళయ్యాక నా ప్రాజెక్టు పరీక్ష వచ్చింది. ప్రోగ్రాం నింపిన ప్రతి గడి చుట్టూ ఎర్ర గీత పడేటట్టు మార్చి చూపించాను. సారు చూసి మొహం చిట్లించారు. "ఏమిటమ్మా ఈ ఎర్ర మచ్చలు? చూసేవాడికి ఫోటో బాగుండాలి కదా" అన్నారు. నేను చిలక సంగతి చెప్పబోయాను. ఆయన అది సిలబస్‌లో లేదన్నారు, మార్కులు కోశారు. ఇప్పుడు మా ఆఫీసులో కుర్రవాళ్ళు, అమ్మాయిలు ఇంకా అందంగా నింపే ప్రోగ్రాంలు తెచ్చి చూపిస్తారు. పోయింది పోయినట్టే తెలియదు, మీసాలు కూడా చక్కగా మొలుస్తాయి. నేను ఎప్పుడూ ఒకటే అడుగుతాను, ఇందులో వచ్చింది ఏది, నింపింది ఏది, గుర్తు పెట్టారా అని. వాళ్ళు మర్యాదగా తలూపి, నేను పక్కకు తిరిగాక ఒకరినొకరు చూసుకుంటారు. నాకు తెలుసు. ఆ వయసులో నేనైనా అలాగే చూసుకునేదాన్ని.

మొన్నీమధ్య శాలిబండ పోయినప్పుడు ఆపా వాళ్ళింట్లో ఆ దుపట్టా బయటికి తీశారు. ఆపా కూతురికి పెళ్ళీడు వచ్చింది, కొంగు చూసి తనకూ అదే కావాలంటోంది. ఇప్పుడు నాక్కూడా కళ్ళజోడు వచ్చింది కాబట్టి దగ్గరగా వంగి చూశాను. ఆ పిల్ల నా పక్కన మోకాళ్ళ మీద కూర్చొని ఒక్కొక్కటి వేలు పెట్టి అడిగింది. చిలక ఎవరిది అంటే నానీది, అంటే వాళ్ళ అమ్మమ్మది, ముక్కు కుట్టింది పెద్దమ్మ బడీ ఖాలా. తీగ నానీది. వంకర ఆకులు రెండూ తాత నానావి. ఆపా తడుముకోకుండా చెబుతూ పోయింది.

"మరి ఇంజనీర్ ఖాలాది ఏది?" అంది పిల్ల నా వైపు తిరిగి.

"నాది విప్పేసిండ్రు బేటా" అన్నాను.

ఆపా నవ్వింది. నేనూ నవ్వాను. తెర మీద అరచెయ్యి ఆనించి నిలబడిన ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొచ్చింది, చెవి మెలిపెట్టాలనిపించింది, కానీ చూస్తే పాపం దానికి అంత కంటే తెలియదు. దుపట్టా మడత పెట్టేటప్పుడు అంచు పట్టుకోవడానికి నన్నే పిలిచారు, లేచి వెళ్ళి ఒక కొస పట్టుకున్నాను.